జూబిలీ కాసు, గుండుగొలను కృపమ్మ

అయిదో జార్జి చక్రవర్తి గద్దెనెక్కి పాతికేళ్ళయిందని 1935 మే నెలలో దేశమంతటా సిల్వర్ జూబిలీ తలపెట్టారు. ఏలూరులోనూ ఒక ఉత్సవ సంఘం ఏర్పడింది. చుట్టుపక్కల భూస్వాములు కొందరు చందాలు వేసుకుని మద్రాసులో బంగారు కాసులు పోయించారు. ఒక పక్క చక్రవర్తి తల, రెండో పక్క కిరీటం, దాని కింద సంవత్సరాలు. జనానికి మేలు చేసిన కొద్దిమందికి వాటిని పెద్ద పందిట్లో, బ్యాండు మేళంతో బహూకరించాలని నిర్ణయించారు. ఆ కొద్దిమందిలో ఒక పేరు విని ఊళ్ళో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ పేరు గుండుగొలను మిషను డిస్పెన్సరీలో నర్సుగా ఉన్న కృపమ్మది.

కృపమ్మ తల్లీ తండ్రీ కూలి చేసుకు బతికినవాళ్ళు. మిషను బళ్ళో చదివి, ఏలూరులోని మిషను ఆస్పత్రిలో కాన్పుల పని నేర్చుకుంది. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. పిల్లలు లేరు. గుండుగొలనులో రెండు గదుల డిస్పెన్సరీ ఆమెకు అప్పగించారు. ముందు గదిలో మందులు, వెనక గదిలో ఆమె కాపురం.

ముందటేడు వరద తీశాక కొల్లేటి లంకల్లో కలరా రేగింది. మనుషులు పొద్దున పడి సాయంత్రానికి పోతుంటే, కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా లంకలు విడిచి మెరకకు వచ్చేశారు. కృపమ్మ మాత్రం మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని మెరక నుంచి లంకల్లోకి వెళ్ళింది. బావుల్లో ఎర్రమందు కలిపింది. నీళ్ళు కాచి తాగించింది. మోసేవాళ్ళు దొరకని ఇళ్ళలో శవాలకు తనే ఒక పక్క చెయ్యి వేసింది. జబ్బు తగ్గుముఖం పట్టాకే తిరిగి వచ్చింది. అప్పటికి ఆమె జుట్టు సగం రాలిపోయింది. ఆ సంగతి ఎవరో అధికారుల చెవిన వేశారు. అలా ఆమె పేరు ఎక్కింది.

కృపమ్మకు ఒక తమ్ముడు, విశ్వాసం. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో గుమాస్తా. ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ దెబ్బలు తిని, జైలుకు వెళ్ళి వచ్చినవాడు. జూబిలీకి ఎవరూ వెళ్ళకూడదని కాంగ్రెసు వాళ్ళు గట్టిగా చెబుతున్న రోజులవి. అతను ఒక ఆదివారం గుడిలో ఆరాధన అవగానే అక్క దగ్గరికి వచ్చాడు.

"ఆ కాసు నువ్వు పుచ్చుకోకూడదక్కా" అన్నాడు, కూర్చోకుండానే.

"అన్నం తిని మాట్లాడు."

"నన్ను కొట్టినవాళ్ళ రాజు పండగది. వాళ్ళు నీ మెడలో బంగారం వేస్తారు, నువ్వు దణ్ణం పెడతావు. నేను మళ్ళీ ఊళ్ళో తల ఎలా ఎత్తుకోను?"

కృపమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "లంకల్లో జనం రాలిపోతుంటే ఆ రాజు మనుషులు రాలేదు, నిజమే. మీ కాంగ్రెసు వాళ్ళు మాత్రం వచ్చారేమిట్రా?"

"నేను వచ్చాను కదా."

"వచ్చావు. నా తమ్ముడివి గనక వచ్చావు."

కృపమ్మ చేట కింద పెట్టింది. "నాన్న పేరు ఎలీయాజరు. ఆ పేరు ఏ రైతూ పూర్తిగా పలకలేదు. ఒరే అన్నారు, ఏలిగా అన్నారు. ఊరి బయట మన పాలెంలో తప్ప ఆయన పేరు ఎవరికీ తెలియకుండానే పోయాడు. నా పేరు పదిమందిలో నిలబడి చదువుతారట. ఎలీయాజరు కూతురు కృపమ్మ అని. ఒక్కసారి వినాలని ఉందిరా. అంతే."

అతను అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

పండగ నాడు తెల్లవారుతూనే కృపమ్మ స్నానం చేసి, గంజి పెట్టి ఉంచుకున్న తెల్లచీర కట్టుకుంది. సభ సాయంత్రమే అయినా, పెందలాడే ఏలూరు చేరుకుని ఆస్పత్రిలో కూర్చోవాలని ఆమె ఆలోచన. తలుపుకు తాళం వేస్తుంటే దడి అవతల గూడుబండి ఆగింది. బండిలోంచి అబ్బాయిరాజు దిగాడు.

అబ్బాయిరాజు చినరాజులంకలో మోతుబరి. కలరా రోజుల్లో కృపమ్మ ఆ ఊరు వెళ్ళినప్పుడు రాజుల వీధిలోకి రావద్దని కబురు పెట్టిన ఇళ్ళలో అతని ఇల్లు కూడా ఒకటి. అలాంటి మనిషి దడి పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరీయం భుజాన లేదు.

"నర్సమ్మగారూ, మా ఇంట్లో ఆడమనిషికి నిన్నటి నించీ నొప్పులండి. మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డ ఎదురుకాళ్ళంటోంది. తమరు రావాలండి."

గారు అని ఎవరైనా రాజుగారు ఆమెను పిలవడం అదే మొదటిసారి. కృపమ్మ తాళం చెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఏలూరు అటు. కొల్లేరు ఇటు. వేసవి గనక కొల్లేరు చిక్కిపోయి ఉంది, లంకలోకి బండి పోతుంది. కానీ వెళ్ళి, పని చూసి, తిరిగి వచ్చి, సాయంత్రానికి ఏలూరు చేరడం కుదురుతుందో లేదో చెప్పలేం.

"నెప్పులు గట్టిగా వస్తున్నాయాండీ, తగ్గాయా?"

"తగ్గాయండి. మనిషి కళ్ళు తేలేస్తోంది."

ఆమె తాళం తీసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. తెల్లచీర మార్చే వ్యవధి లేదు. కాన్పుల సంచీ అందుకుని బండి ఎక్కింది.

దారిలో అబ్బాయిరాజు తటపటాయిస్తూ మరో మాట చెప్పాడు. ఆమె ఆ ఇంట్లోకి వచ్చినట్టు బయట ఎవరికీ తెలియకూడదు. చెల్లెలికి సంబంధం కుదిరి ఉంది. ఘోషా ఇంట్లో, పురిటి గదిలో, పాలెం మనిషి చెయ్యి వేసిందని పొక్కితే అవతలివాళ్ళు ఏమంటారో తెలియదు. అది తన తల్లి మాట అన్నాడు. తన మాట కూడా అదేనని అతని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

కృపమ్మకు ఒళ్ళు మండింది. బండి దిగిపోదామనిపించింది. "రోగి ఇంటి మాట బయట చెప్పడం మాకు అలవాటు లేదు బాబుగారూ. అది మాకు నేర్పిన మొదటి పాఠం. మీరు ఎద్దుల్ని తోలించండి" అని మాత్రం అంది.

బండి వెనక పెరట్లో ఆగింది. పురిటి గది చీకటిగా, ఉక్కగా, వేపాకు పొగతో నిండి ఉంది. మంచం మీద అబ్బాయిరాజు భార్య రాజ్యం. పందొమ్మిది ఇరవై ఏళ్ళుంటాయేమో, పెదాలు పగిలి, జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. తలదగ్గర ఆమె అత్తగారు సూరయ్యమ్మ నిలబడి ఉంది. కృపమ్మ లోపల అడుగు పెట్టగానే ఆవిడ పక్కకు జరిగింది, చీర తగలకుండా.

కృపమ్మ ముందు కిటికీ తెరిపించింది. పొగ తీసేయించింది. చేతులు మందునీళ్ళతో కడుక్కుని రాజ్యం పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, నీరసంగా. మంత్రసాని కాలు దొరికితే లాగుదామని చూసిందట. లాగలేదు, అదృష్టం.

"అమ్మా, నీ పేరేమిటి?"

"రాజ్యం."

"నేను చెప్పినప్పుడు తప్ప ముక్కకు. బిడ్డను నేను లాగను, నువ్వూ తోయకు. దానంతట అది దిగాలి. భయపడకు."

ఎండ ఎక్కింది. నొప్పులు మళ్ళీ ఊపందుకున్నాయి. గోడ మీద ఎండ జరుగుతున్న కొద్దీ కృపమ్మకు పందిరి గుర్తుకొచ్చింది. వెంటనే తోసేసుకుంది. బిడ్డ పిరుదులు దిగాయి, తర్వాత కాళ్ళు. ఆడపిల్ల. నడుము దాకా వచ్చింది. ఇక్కడి నుంచే అసలు గండం. చేతులు తల పక్కకు పోతే తల ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే నిమిషాల మీద ప్రాణం పోతుంది.

సరిగ్గా అప్పుడు వీధి గుమ్మంలో మగ గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇంట్లో ఎవరండీ?"

సూరయ్యమ్మ ఉలిక్కిపడి గది దాటి వెళ్ళింది. తలుపు చాటున నిలబడి, ఎవరని అడిగింది.

"పోలీసు జవాన్నండి, నాగేశ్వరరావండి. గుండుగొలను నర్సు కృపమ్మగారు ఇటేమైనా వచ్చారాండీ? పొద్దున్న ఎవరి బండో ఎక్కి కొల్లేటి వైపు వెళ్ళారని చెప్పారు. ఏలూరు నించి నన్ను పంపారండి. సాయంత్రం కలెక్టరుగారి చేతుల మీదుగా కాసు ఇస్తారు. ఆవిడ తమ్ముడు కాంగ్రెసాయన. మానిపించేస్తాడేమోనని పెద్దలకి అనుమానం. ఉంటే వెంటబెట్టుకు రమ్మన్నారు. గట్టు దగ్గర జట్కా సిద్ధంగా ఉందండి."

గదిలోకి ఆ మాటలన్నీ స్పష్టంగా వినపడ్డాయి. కృపమ్మ చేతులు ఆగిపోయాయి. ఒక్క కేక వేస్తే చాలు. 'ఇక్కడే ఉన్నాను, కాన్పు చేస్తున్నాను, ఆలస్యమవుతుందని చెప్పండి' అంటే చాలు. రేపు తనను ఎవరూ వేలెత్తి చూపరు. నోటిదాకా వచ్చింది. కానీ బండిలో ఇచ్చిన మాట ఉంది. అరిచిన మరుక్షణం సూరయ్యమ్మ ఏం చేస్తుందో, ఈ గదిలో ఏం గొడవ అవుతుందో తెలియదు. బిడ్డ సగం లోపల ఉంది.

ఏదో లాగినట్టయి కిందికి చూసింది. రాజ్యం ఆమె తెల్లచీర కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. మాట రావడం లేదు. కళ్ళతోనే బతిమాలుతోంది.

గుమ్మంలో సూరయ్యమ్మ గొంతు, తొణక్కుండా: "ఇక్కడికెవరూ రాలేదయ్యా. కోడలికి నెప్పులు. మా మంత్రసాని చూస్తోంది. మగాళ్ళు గుమ్మంలో నిలబడే వేళ కాదు, వెళ్ళిరా."

"అలాగేనండి. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి, ఎండగా ఉంది."

కృపమ్మ పెదవి కొరుక్కుంది. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, బిడ్డ మోచెయ్యి వెతికి, ఛాతీ మీదుగా మెల్లిగా దించింది. ఒక చెయ్యి. బిడ్డను అటు తిప్పి రెండో చెయ్యి. "ఇప్పుడు ముక్కు తల్లీ" అంది, గుసగుసగా. రాజ్యం దిండు నోట్లో కుక్కుకుని ముక్కింది. తల బయటపడింది.

బిడ్డ నీలంగా ఉంది. కదలిక లేదు. కృపమ్మ బిడ్డ నోట్లో వేలు పెట్టి చీమిడి తీసింది. తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దింది. తన నోటితో ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. మూల నిలబడ్డ మంత్రసాని దేవుణ్ణి తలుచుకుంటోంది. మళ్ళీ ఊదింది. గొంతులో చిన్న గురక, ఆ వెంటనే సన్నటి ఏడుపు.

వాకిట్లో జవాను చెంబు దించినట్టున్నాడు. "శుభం అండి" అని పైకే అని వెళ్ళిపోయాడు.

మాయ పడి, రక్తం కట్టేసరికి పొద్దు వాలింది. అబ్బాయిరాజు బండి కట్టించాడు గానీ గట్టు చేరేసరికే ఏలూరులో సభ మొదలై ఉంటుంది. కృపమ్మ ఏలూరు వెళ్ళలేదు. చీర మీద రక్తపు మరకలతో ఆ పందిట్లోకి ఎలా వెళుతుంది?

పందిట్లో జరిగింది ఆమెకు మర్నాడు తెలిసింది. ఆమె పేరు చదివారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ చదివారు. మొదటి వరుసలో ఖాళీ కుర్చీ. జనంలో గుసగుసలు. కలెక్టరు కాసు పెట్టెలో పెట్టేసి తర్వాతి పేరు అడిగాడు. ఆ కబురు తాడేపల్లిగూడెం చేరగానే అక్కడి కాంగ్రెసు సభలో విశ్వాసం లేచి, "మా అక్క పరాయి రాజు బంగారాన్ని కాలదన్నింది" అన్నాడట. కృపమ్మకు జై అని జనం కేకలు వేశారట.

ఆ మర్నాడే ఏలూరు ఆస్పత్రి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. పెద్ద డాక్టరు దొరసాని గదిలో ఉత్సవ సంఘం కార్యదర్శి కోదండరామయ్య కూర్చుని ఉన్నాడు. ప్లీడరు. కృపమ్మ పేరు కాసుకు ఎంపిక చేయించింది ఆయనే. అందుకే ఆయనకు ఎక్కువ కోపం.

"పదిమందిలో నా పరువు తీశావమ్మా. నీ పేరు వెయ్యొద్దన్నవాళ్ళతో దెబ్బలాడి వేయించాను. రానని ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయేది?"

"రావాలనే బయల్దేరానండి. కాన్పుకి పిలిస్తే వెళ్ళాను."

"ఎవరింటికి?"



దొరసాని ముందుకు వంగింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు. "కృపమ్మా, ఇది చిన్న విషయం కాదు. మన డిస్పెన్సరీలకు సర్కారు ఇచ్చే సాయం ఆగిపోవచ్చు. ఆ ఇంటివాళ్ళను అడిగి వదిలేస్తాం. పేరు చెప్పు."

"చెప్పనని మాటిచ్చానమ్మగారూ."

"చూశారా?" అన్నాడు కోదండరామయ్య. "లేని కాన్పుకు ఊరెక్కడుంటుంది? జవాను లంకలన్నీ గాలించాడు. ఎక్కడా లేదు. తమ్ముడేమో సభ పెట్టి చాటాడు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకం."

కృపమ్మ దొరసాని కేసి చూసింది. పేరు చెప్పెయ్యడం ఎంతసేపు? కానీ ఈ ఒక్కసారి చెబితే, ఇంకెప్పుడూ ఆ వీధుల వెనక తలుపు కూడా తెరుచుకోదు. ఇంకో ఎదురుకాళ్ళ బిడ్డ వచ్చిన రోజున ఆ మగాళ్ళు బండి కట్టరు. ఆ ఆడది పొగలో చచ్చిపోతుంది. ఆమె తల వంచుకుని నిలబడింది.

దొరసాని డిస్పెన్సరీ తాళాలు బల్ల మీద పెట్టమంది. విచారణ తేలేదాకా పని మానమంది. కృపమ్మ తాళాలు పెట్టేసి బయటికి వచ్చింది.

డిస్పెన్సరీ ఖాళీ చేసి పాలెంలో తండ్రి నాటి పాకలోకి మారింది. ఎదురుగా చింతచెట్టు కింద జవాను నాగేశ్వరరావు కాపలా కూర్చున్నాడు, ఎవరు వచ్చి పోతున్నారో చూడమని పైవాళ్ళ ఉత్తర్వు. మందుకోసం వచ్చే ఆడవాళ్ళు ఖాకీ బట్టలు చూసి దూరం నుంచే మళ్ళిపోయేవారు.

విశ్వాసం పూలదండ పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఉద్యోగం పోతే పోయింది. జిల్లా అంతా నీ పేరే చెప్పుకుంటున్నారక్కా."

"ఆ దండ కింద పెట్టు. నేను కాలదన్నానని నీకెవరు చెప్పారు?"

"వెళ్ళలేదు కదా."

"వెళ్ళాలనుకున్నాను. చీర కట్టుకుని తాళం వేశాను. కాన్పొచ్చి ఆగిపోయాను. బంగారం వద్దని కాదు."

అతని మొహం మారిపోయింది. "ఆ సంగతి ఎవరికీ చెప్పకు. ఊరికే ఉండు, చాలు. ఎవరింటి కాన్పు?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకు అసలే చెప్పను. నన్ను అడక్కుండా నా పేరు సభలో పెట్టావు. వాళ్ళ పండక్కి వాళ్ళు నన్ను వాడుకోబోయారు, మీ పండక్కి నువ్వు వాడుకున్నావు. ఏం తేడారా?"

విశ్వాసం దండ అక్కడే వదిలేసి చరచరా వెళ్ళిపోయాడు. కానీ అతను మంచి మనిషి. తర్వాతి సభలో లేచి, తను చెప్పింది తప్పని, తన అక్క జూబిలీని బహిష్కరించలేదని, పని వల్ల వెళ్ళలేకపోయిందని అందరి ముందూ చెప్పాడు. ఎవరో దొరల తొత్తు అని అరిచారు. అతన్ని కాంగ్రెసు సంఘంలోంచి తీసేశారు. పోలీసులు మాత్రం అది కూడా ఎత్తుగడే అనుకున్నారు. అక్కాతమ్ముళ్ళను రెండు పక్షాలూ వెలివేసినట్టయింది.

అలా ఉండగా ఒక మిట్టమధ్యాహ్నం గూడుబండి సరాసరి పాలెంలోకే వచ్చింది. అబ్బాయిరాజు దిగాడు. చింతచెట్టు కింద జవాన్ని చూసి కూడా ఆగలేదు.

"రాజ్యానికి జ్వరం అండి. ఒళ్ళు కాలిపోతోంది, పలవరిస్తోంది."

కృపమ్మకు వెంటనే తెలిసింది. బాలింత జ్వరం. తను వెళ్ళకముందు మంత్రసాని చెయ్యి పెట్టింది. తను చెయ్యి పెట్టింది. ఎక్కడ తగిలిందో ఆ విషం.

"నా దగ్గర మందుల్లేవు బాబుగారూ. తాళాలు తీసేసుకున్నారు. ఏలూరు మిషను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

"ఆస్పత్రికా? ఘోషా మనిషండి. మగ డాక్టర్లు..."

"దొరసాని చూస్తుంది. ఇక్కడ ఆలోచిస్తూ నిలబడితే మీరు తీసుకెళ్ళేది స్మశానానికి."

ఆ మాట ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు. అబ్బాయిరాజు దెబ్బ తిన్నట్టు చూసి, బండి తిప్పమన్నాడు. కృపమ్మ ఎక్కి కూర్చుంది.

లంక నుంచి ఏలూరు దాకా ఆ ప్రయాణం కృపమ్మ బతికున్నంత కాలం మరిచిపోలేదు. బండి గూటికి నాలుగు పక్కలా దుప్పట్లు కట్టారు. లోపల నిప్పుల కుంపటిలా ఉంది. రాజ్యం తల కృపమ్మ ఒళ్ళో. ఇటు పక్క పసిబిడ్డను పట్టుకుని సూరయ్యమ్మ. ఇప్పుడు చీర తగలకుండా జరగడానికి బండిలో చోటు లేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరి భుజాలూ రాసుకుంటున్నాయి. కృపమ్మ తడిగుడ్డ మారుస్తూ, నాడి చూస్తూ, ఊపిరి అందుతోందో లేదో అని పెదాల దగ్గర చెయ్యి పెడుతూ కూర్చుంది. దారిలో ఒకచోట రాజ్యం కదలడం మానేసింది. సూరయ్యమ్మ కెవ్వుమంది. కృపమ్మ దుప్పటి చించినంత పని చేసి గాలి ఆడేలా పక్కకు లాగేసింది. రోడ్డు మీద జనం చూస్తే చూడనిమ్మంది. సూరయ్యమ్మ వద్దనలేదు.

ఆస్పత్రిలో దొరసాని వెంటనే చేర్చుకుంది. కృపమ్మ ఉద్యోగంలో లేని మనిషి గనక లోపలికి రానివ్వలేదు. వరండాలో కూర్చుంది. రాజ్యం ఇవాళా రేపా అన్నట్టు కొన్నాళ్ళు ఊగిసలాడింది. సూరయ్యమ్మ వచ్చి, లోపల ఏం చేస్తున్నారో ఆమెకు చెప్పి, ఆ మందు మంచిదేనా అని అడిగి వెళ్ళేది. పసిదానికి పాలు పట్టడం ఎలాగో కూడా ఆ వరండాలోనే నేర్చుకుంది.

ఒక ఉదయం చెమట పట్టి జ్వరం దిగింది. దొరసాని రాజ్యం మంచం దగ్గర నిలబడి, కాన్పు ఎవరు చేశారని అడిగింది. ఎదురుకాళ్ళ బిడ్డ ఇంత క్షేమంగా రావడం ఆమె అరుదుగా చూసింది.

"మా ఊరి మంత్రసానండి" అంది సూరయ్యమ్మ, అలవాటు కొద్దీ.

రాజ్యం మెల్లిగా తల తిప్పింది. "కాదండి. బయట కూర్చున్నారే, ఆవిడ."

"రాజ్యం..."

"నన్ను చెప్పనివ్వండి అత్తయ్యా. పోలీసాయన వచ్చినప్పుడు మీరు గుమ్మంలో అన్న మాట నాకు వినపడింది. ఆవిడకీ వినపడింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. వెళ్ళిపోతుందేమోనని నేను కొంగు పట్టుకున్నాను. ఆవిడ వెళ్ళలేదు, పలకలేదు. మన పరువు కోసం ఆవిడ పరువు పోగొట్టుకుంది. మనం ఇన్నాళ్ళూ ఊరుకున్నాం."

సూరయ్యమ్మ పసిదాన్ని గుండెకు అదుముకుని నిలబడింది. చివరికి, "అవునండి. అబద్ధమాడింది నేనే" అంది దొరసానితో. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు జవానుకు జవాబు చెప్పినప్పటిలాగే స్థిరంగా ఉంది.

దొరసాని తనే వరండాలోకి వచ్చి తాళాలు కృపమ్మ చేతిలో పెట్టింది. క్షమించమని తెలుగులో ఎలా అనాలో ఆ నిమిషానికి ఆమెకు తోచలేదు. చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

అబ్బాయిరాజు స్వయంగా కోదండరామయ్య ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. భయపడ్డట్టే చెల్లెలి సంబంధం వెనక్కి పోయింది. ఏడాది తిరగకుండా మరోటి కుదిరింది, అది వేరే సంగతి.

కోదండరామయ్య మఖమల్ పెట్టె పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. ఆ రోజు చూపిన కోపం గుర్తుకొచ్చి కాబోలు, ఆమె మొహంకేసి చూడలేకపోయాడు.

"మళ్ళీ పందిరి వెయ్యలేం కదమ్మా. ఇలాగే పుచ్చుకో."

"నా పేరు అక్కడ చదివారటండీ?"

"నేనే చదివాను. రెండుసార్లు పిలిచాను."

"నాన్న పేరు కూడానాండీ?"

"ఆఁ. ఎలీయాజరు కుమార్తె అని."

కృపమ్మ పెట్టె అందుకుంది. "లంకల్లో చేసిన పనికని పుచ్చుకుంటున్నానండి. రాజుగారి పండగ కోసం కాదు."

"ఆ రెండో మాట నేను వినలేదమ్మా" అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

కాసు పుచ్చుకుందని తెలిసి విశ్వాసం కొన్నాళ్ళు రాలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు తడిసి ముద్దయి వచ్చాడు. కృపమ్మ తువ్వాలు ఇచ్చి అన్నం పెట్టింది. ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళేటప్పుడు, "సంఘంలోకి మళ్ళీ రమ్మంటున్నారక్కా" అన్నాడు. "వెళ్ళు. ఈసారి నన్ను అడిగి చెప్పు" అంది ఆమె. అతను నవ్వాడు.

ఆ కాసు ఆమె ఎక్కువ కాలం ఉంచుకోలేదు. ఏలూరులో అమ్మేసి, ఆ డబ్బుతో లంకల నుంచి ఇద్దరు ఆడవాళ్ళను ఆస్పత్రికి పంపించి కాన్పుల పని నేర్పించింది. వాళ్ళలో సారమ్మ ఒకతె, కలరాలో భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి. పని నేర్చుకుని వచ్చాక సారమ్మకు మొదటి కాన్పు చినరాజులంక పక్క ఊళ్ళో తగిలింది. తోడుగా కృపమ్మ వెళ్ళింది గానీ గదిలోకి పోలేదు. అరుగు మీద కూర్చుని, లోపలి మూలుగులు వింటూ, లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చుంది. పిలిస్తే లేవడానికి చీర బొడ్లో దోపుకునే ఉంది. సారమ్మ పిలవలేదు. కాసేపటికి బిడ్డ ఏడ్చింది. ఇంటాయన పరుగెత్తుకుంటూ వచ్చి మగపిల్లాడని చెబితే, కృపమ్మ ముందు అడిగింది తల్లి ఎలా ఉందని.